బుల్లెట్ 350కి ఏ కార్బురేటర్: 24, 26, 28, లేక బీఎస్29?

క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ 350కి రీబోర్ చేయించి, ఫ్రీ ఫ్లో సైలెన్సర్ బిగించాక విశాఖలో ఎక్కువగా వినిపించే సలహా ఒకటుంది: "500 బండి కార్బురేటర్ వేసెయ్యండి, పికప్ అదిరిపోతుంది." ఇంకొందరు నేరుగా 30 మి.మీ. పీడబ్ల్యూకే (రేసింగ్ రకం కార్బురేటర్) దగ్గరికి వెళ్లిపోతారు. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా రోజూ సిగ్నళ్ల మధ్య నడిచే బండికి ఈ సలహాతో పెట్రోలు ఖర్చు పెరుగుతుంది, పికప్ తగ్గుతుంది. ఎందుకో లెక్కతో చూసి, తర్వాత ఏ బండికి ఏది సరిపోతుందో చూద్దాం.

ఇక్కడ మాట్లాడుతున్న ఇంజిన్ ఇది: 346 సీసీ, బోరు 70 మి.మీ., స్ట్రోక్ 90 మి.మీ., కంప్రెషన్ 6.5:1, సుమారు 5,600 ఆర్పీఎం దగ్గర 18 హార్స్‌పవర్. కంపెనీ క్యామ్‌లు, కంపెనీ వాల్వులు. మార్చినవల్లా సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్, మహా అయితే 40 థౌ ఓవర్‌సైజ్ పిస్టన్. 40 థౌ అంటే దాదాపు 1 మి.మీ. బోరు 71 అయితే ఇంజిన్ 356 సీసీ అవుతుంది, అంటే 3 శాతం పెరుగుదల. ఆ 3 శాతానికి కార్బురేటర్ గొంతు 24 నుంచి 24.3 మి.మీ.కి పెరిగితే చాలు. కాబట్టి "రీబోర్ అయింది కదా, పెద్ద కార్బురేటర్ కావాలి" అనే వాదన ఇక్కడితో చెల్లదు.

సైజు లెక్క

కార్బురేటర్ సైజు అంటే గాలి వెళ్లే గొంతు వ్యాసం. దీన్ని అంచనా వేయడానికి ట్యూనింగ్ చేసేవాళ్లు వాడే పాత సూత్రం ఇది: ఇంజిన్ పరిమాణాన్ని లీటర్లలో తీసుకోండి, గరిష్ఠ పవర్ వచ్చే ఆర్పీఎంతో గుణించండి, వర్గమూలం కట్టండి, దాన్ని ఒక గుణకంతో గుణించండి. వచ్చేది మి.మీ.లలో గొంతు వ్యాసం. స్పోర్ట్స్, రేసింగ్ ఇంజిన్లకి ఈ గుణకం 0.65 నుంచి 0.9 దాకా వాడతారు.

మన బుల్లెట్‌కి 0.346 × 5,600 కి వర్గమూలం 44. కంపెనీ వేసిన మిక్‌కార్బ్ వీఎం24 (వీఎం అంటే యాక్సిలరేటర్ కేబుల్ నేరుగా స్లైడ్‌ని ఎత్తే రకం, 24 దాని గొంతు) ప్రకారం చూస్తే గుణకం 0.55. బుల్లెట్ 500 (499 సీసీ, 5,400 ఆర్పీఎం, వీఎం28) లెక్క కట్టినా దాదాపు అంతే, 0.54 వస్తుంది. అంటే 500కి 28 పెట్టడం "పెద్ద కార్బురేటర్" పెట్టడం కాదు. ఆ ఇంజిన్‌కి అది 350కి 24 ఎంతో అంతే. అదే 28ని 350కి బిగిస్తే గుణకం 0.64 అవుతుంది, రేసింగ్ లెక్కల అంచుకి చేరుతుంది. 26 అయితే 0.59, 30 అయితే 0.68.

గుణకం పెరిగితే ఏమవుతుంది? కార్బురేటర్ పెట్రోలుని పంప్ చెయ్యదు. గొంతులో గాలి వేగంగా పోతున్నప్పుడు పడే వాక్యూమే జెట్ (పెట్రోలు వచ్చే కొలిచిన రంధ్రం) నుంచి పెట్రోలుని పైకి లాగుతుంది. స్లైడ్ (గొంతుని మూసి తెరిచే ముక్క) పూర్తిగా ఎత్తి, ఇంజిన్ అవసరమైనంత గాలి పీల్చుకుంటోందనుకుంటే, పీల్చే స్ట్రోక్‌లో గొంతులో గాలి సగటు వేగం సుమారుగా ఇలా ఉంటుంది:

| గొంతు | 1,500 ఆర్పీఎం | 2,500 ఆర్పీఎం | 5,500 ఆర్పీఎం |
|---|---|---|---|
| 24 మి.మీ. | సెకనుకు 38 మీటర్లు | 64 | 140 |
| 26 మి.మీ. | 33 | 54 | 120 |
| 28 మి.మీ. | 28 | 47 | 103 |
| 30 మి.మీ. | 24 | 41 | 90 |

వేగంలో తేడా చిన్నగానే కనిపిస్తుంది. కానీ వాక్యూమ్ వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. అదే ఆర్పీఎం, అంతే గాలి ఉన్నప్పుడు 24లో పడే వాక్యూమ్ 100 అనుకుంటే 26లో 73, 28లో 54, 30లో 41. హనుమంతవాక ఎత్తు మీద టాప్ గేర్‌లో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ తిప్పితే 28 కార్బురేటర్ ఉన్న 350 గొంతు పట్టుకున్నట్టు ఆగి, ఆ తర్వాత లాగడానికి కారణం ఇదే. గాలి వెంటనే లోపలికి పోతుంది, పెట్రోలు ఆలస్యంగా వస్తుంది. ఆ ఆగుడు పోవాలని మెకానిక్ నీడిల్ (స్లైడ్‌కి వేలాడుతూ జెట్‌లో ఆడే సూది) ఎత్తుతాడు, పైలట్ (స్లోలో పెట్రోలు ఇచ్చే చిన్న జెట్) పెంచుతాడు. ఆగుడు తగ్గుతుంది గానీ మిగతా అన్ని స్పీడుల్లో బండి పెట్రోలు తాగడం, ప్లగ్ నల్లబడటం మొదలవుతాయి. పెద్ద కార్బురేటర్ బండ్లకి మైలేజీ ఎక్కువగా ఇలాగే పోతుంది.

ముందు పాతది పరీక్షించండి

కొత్తది కొనేముందు ఇప్పుడున్న 24 నిజంగా ఇంజిన్‌ని ఆపుతోందా అన్నది అరగంటలో తేల్చుకోవచ్చు. హ్యాండిల్ గ్రిప్ మీద, స్విచ్ బ్లాక్ మీద టేప్ అంటించి సున్నా, పావు, సగం, ముప్పావు, ఫుల్ గుర్తులు పెట్టండి. తెల్లవారుజామున జాతీయ రహదారి 16 మీద ఆనందపురం వైపు ఖాళీగా ఉన్న చోట మూడో గేర్‌లో ముప్పావు దగ్గర పట్టి, ఆర్పీఎం బాగా పెరిగాక ఫుల్‌కి తిప్పండి. లాగుడులో ఏ తేడా రాకపోతే 24 మీకు ఎక్కువే. ఎందుకంటే స్లైడ్ ముప్పావు ఎత్తులో ఉన్నప్పుడు తెరుచుకునేది గొంతులో 80 శాతమే, అంటే 21.5 మి.మీ. కార్బురేటర్‌తో సమానం. 21.5తోనే ఇంజిన్ కడుపు నిండుతుంటే 28తో అదనంగా వచ్చేదేమీ లేదు. ఇంజిన్‌ని ఆపుతున్నది పోర్టో, వాల్వో, క్యామో అయి ఉంటుంది. చివరి పావులో స్పష్టంగా బలం పెరుగుతుంటేనే పెద్ద గొంతు గురించి ఆలోచించాలి. ఈ పరీక్ష మెయిన్ జెట్ (ఫుల్‌లో పెట్రోలు ఇచ్చే పెద్ద జెట్) సరిగ్గా ఉన్నప్పుడే పనికొస్తుంది.

ఇంకో పరీక్ష అరుగుదలది. ఏళ్లు గడిచిన వీఎం24లో స్లైడ్ గొంతులో కదలాడుతుంది. పైమూత తీసి స్లైడ్‌ని వేలితో ముందుకీ వెనక్కీ కదిపితే టకటకమంటుంది. నీడిల్ రాసుకుని నీడిల్ జెట్ రంధ్రం గుండ్రం పోయి కోలగా అవుతుంది. దాంతో స్లోలో (యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు) బండి నిలబడదు, పావు నుంచి సగం మధ్య ఎంత సర్దినా రిచ్‌గానే (పెట్రోలు ఎక్కువగానే) ఉంటుంది. "కార్బురేటర్ చాలడం లేదు" అనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది ఈ అరుగుదలే. మంచి కంపెనీ నీడిల్, నీడిల్ జెట్, స్లైడ్, ఫ్లోట్ నీడిల్ మారిస్తే పాత 24 మళ్లీ దారికొస్తుంది. కార్బురేటర్ బాడీ గొంతే అరిగి ఉంటే మాత్రం కొత్త 24 కొనుక్కోవడం మేలు.

ఏది ఎవరికి

వీఎం24: కంపెనీ హెడ్, కంపెనీ క్యామ్, ఎక్కువగా ఊళ్లోనే తిరిగే బండి, మధ్యమధ్యలో సింహాచలం ఘాట్ లేదా భీమిలి రోడ్డు. సైలెన్సర్, ఫిల్టర్ మారినా ఇదే ఉంచండి. మెయిన్ జెట్ మీదున్న నంబరు చూసి 5 పెంచండి, అవసరమైతే 10. నీడిల్ క్లిప్‌ని ఒక గాడి కిందికి దింపండి, నీడిల్ పైకి లేస్తుంది. నూటికి తొంభై బండ్లకి ఇంతకంటే ఏమీ అక్కర్లేదన్నది మా ఖచ్చితమైన అభిప్రాయం.

వీఎం26: హెడ్‌లో ఇన్‌టేక్ పోర్టు నున్నగా చేయించి, వాల్వ్ గైడ్ చుట్టూ గరుకు తీయించి, హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లకి మంచి మధ్యమార్గం. గొంతు వైశాల్యం 24 కంటే 17 శాతం ఎక్కువ, కింది స్పీడులో లాగుడు పెద్దగా పోదు. చిక్కు ఏమిటంటే మార్కెట్లో దొరికే 26లు ఎక్కువగా 125, 150 సీసీ చిన్న ఇంజిన్ల కోసం జెట్ చేసినవి. పెట్టెలోంచి తీసి బిగిస్తే సరిపోవు. జెట్లు కూడా కొనుక్కోవాలి.

వీఎం28: ఇది ఎక్కువమంది వేసుకునేది కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. దీని బలం స్పేర్ పార్టులు. 500 బండి భాగాలు కాబట్టి జెట్లు, నీడిళ్లు, రబ్బర్లు బుల్లెట్ స్పేర్ల షాపుల్లో దొరుకుతాయి. 500 సీసీ సిలిండర్ కిట్ వేసినవాళ్లకి, పెద్ద ఇన్‌టేక్ వాల్వు, మారిన క్యామ్‌తో 5,500 పైన తిప్పేవాళ్లకి ఇదే సరైనది. మామూలు 350కి వేస్తే వైశాల్యం 36 శాతం పెరుగుతుంది, పోర్టు మాత్రం పాతదే. వెర్నియర్‌తో హెడ్ పోర్టు మూతి కొలవండి. అది గొంతు కంటే చిన్నదైతే గాలి వెళ్లి మెట్టుకి కొట్టుకుంటుంది, తడి పెట్రోలు ఆ మెట్టు దగ్గరే పేరుకుంటుంది. తప్పనిసరై వేసుకుంటే మధ్యలో స్టబ్‌ని (కార్బురేటర్‌నీ హెడ్‌నీ కలిపే చిన్న గొట్టం) కోన్‌లా తిప్పించాలి. 3 మి.మీ. తేడాని కనీసం 30 మి.మీ. పొడవులో సర్దమని లేత్ వాళ్లకి చెప్పండి. ఆటోనగర్‌లో అల్యూమినియం దిమ్మ ఇస్తే ఇది కష్టమైన పనేమీ కాదు.

28తో ఎవరూ చూడని తప్పు కేబుల్‌ది. స్లైడ్ 28 మి.మీ. పైకి లేవాలి, పాత గ్రిప్ 24కి సరిపడా లాగుతుంది. ఎయిర్ ఫిల్టర్ తీసి, గ్రిప్ ఆఖరిదాకా తిప్పి, గొంతులోకి చూడండి. పైన స్లైడ్ అంచు ఇంకా వేలాడుతుంటే మీరు కొన్నది 28, వాడుతున్నది అంతకంటే తక్కువ. ఇంకోటి, 24 రబ్బరు పైపు 28 మూతికి పట్టదని ఫిల్టర్ లేకుండా వదిలేస్తుంటారు. బీచ్ రోడ్డు గాలిలో ఇసుక ఉంటుంది. రీబోర్ చేసిన సిలిండర్‌ని ఆ ఇసుక ఎన్నాళ్లో ఉండనివ్వదు.

బీఎస్29: ఇది వేరే జాతి. ఇక్కడ బీఎస్ అంటే కార్బురేటర్ రకం పేరు, పొల్యూషన్ బీఎస్ కాదు. దీనిలో కేబుల్ తిప్పేది సీతాకోక వాల్వుని. స్లైడ్‌ని ఎత్తేది పైనున్న రబ్బరు డయాఫ్రమ్, అది కూడా ఇంజిన్ వాక్యూమ్ ఎంత ఉంటే అంతే. మీరు గ్రిప్ ఒక్కసారి తిప్పినా స్లైడ్ తొందరపడదు, గొంతులో వేగం పడిపోదు. అందుకే అదే 346 సీసీతో తర్వాత వచ్చిన యూసీఈ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఉండే) ఇంజిన్‌కి (5,250 ఆర్పీఎం దగ్గర 19.8 హార్స్‌పవర్) కంపెనీ 29 వేయగలిగింది. గుణకం 0.68 అయినా ఊళ్లో మెత్తగా నడుస్తుంది. పాత క్యాస్ట్ ఐరన్ ఇంజిన్‌కి కూడా పెద్ద గొంతే కావాలంటే వీఎం28 కంటే మేము దీన్నే చెబుతాం. మైలేజీ నిలబడుతుంది, ఆగుడు ఉండదు. ఇబ్బందులు రెండు. ఒకటి, డయాఫ్రమ్‌లో సూదిమొన అంత రంధ్రం పడ్డా స్లైడ్ పూర్తిగా లేవదు, బండి ఒక స్పీడు దాటదు. లైట్ వెలుతురుకి పట్టి చూస్తే తెలుస్తుంది. రెండు, దీని బాడీ పొడుగ్గా, పైకి ఎత్తుగా ఉంటుంది. ట్యాంకుకీ, టూల్ బాక్సుకీ తగలకుండా చోటుందో లేదో అట్టముక్క కత్తిరించి ముందే చూసుకోండి.

పీడబ్ల్యూకే 30: ఆన్‌లైన్‌లో దొరికే చౌక నకళ్ల గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. వాటిలో చాలావాటి నీడిల్, నీడిల్ జెట్ టూ స్ట్రోక్ కోసం చేసినవి. ఫోర్ స్ట్రోక్‌కి పక్కన చిన్న రంధ్రాలతో పెట్రోలులో గాలి కలిపే నీడిల్ జెట్ కావాలి. రోడ్డు మీద తిరిగే 350కి వద్దు.

ఇదే లెక్కతో టూ స్ట్రోక్ యమహా ఆర్ఎక్స్100 వాళ్లకి కూడా ఒక మాట. 98 సీసీ, 7,500 ఆర్పీఎం, కంపెనీ 20 మి.మీ. గుణకం అప్పటికే 0.74. 22 దాకా వెళ్లొచ్చు, 24 అంటే 0.89, 26 రేసు బండిది. పైగా టూ స్ట్రోక్ లీన్ అయితే (పెట్రోలు తక్కువైతే) పికప్ తగ్గడంతో ఆగదు, పిస్టన్ పట్టేస్తుంది.

బిగించడం, జెట్ చెయ్యడం

ఫ్లాంజ్‌తో బిగించే కార్బురేటర్‌కి రెండు నట్లు మితిమీరి బిగిస్తే ఫ్లాంజ్ వంగి మధ్యలో గాలి పీలుస్తుంది. అద్దం మీద 400 ఎమరీ పేపర్ పరచి ఫ్లాంజ్‌ని రుద్ది, ముఖమంతా ఒకేలా మెరిసేదాకా సమం చేయండి. కొత్త ఓ-రింగ్ వేయండి, రెండు నట్లూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. స్లోలో నడుస్తుండగా అతుకు చుట్టూ కాస్త డబ్ల్యూడీ-40 కొట్టినప్పుడు శబ్దం మారితే లీకు ఉన్నట్టే. లీకు ఉండగా జెట్లు మార్చడం దండగ.

జెట్టింగ్ ఎప్పుడూ రిచ్ వైపు నుంచి కిందికి రావాలి. 350 మీద వీఎం28కి మెయిన్ 110, పైలట్ 25, నీడిల్ మధ్య గాడితో మొదలుపెట్టండి. ముందు మెయిన్ జెట్ తేల్చండి: ఫుల్‌లో వెళ్తూ కొంచెం వెనక్కి వదిలినప్పుడు బండి ఊపందుకుంటే మెయిన్ చిన్నది, పెంచండి. ఫుల్‌లో గరగరమని పైకి ఎక్కకపోతే పెద్దది, 5 తగ్గించండి. తర్వాత పావు నుంచి ముప్పావు దాకా నీడిల్ గాడి. పావు లోపల తేడా ఉంటే స్లైడ్ కింద కోత, దాని నంబరు పెరిగితే లీన్. చివరికి స్లో. ఈ వరస తప్పితే మళ్లీ మొదటికి రావాలి.

స్లో సర్దేటప్పుడు స్క్రూ ఎక్కడుందో చూడండి. ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, లోపలికి తిప్పితే రిచ్. బుల్లెట్ వీఎంలు ఇంతే. ఇంజిన్ వైపు ఉంటే అది మిక్స్చర్ స్క్రూ, బయటికి తిప్పితే రిచ్. బీఎస్29 ఈ రకం. వీఎం అలవాటున్న చేతులు బీఎస్‌ని ఉల్టా తిప్పి రోజంతా తంటాలు పడటం మామూలే. ఇంజిన్ వేడెక్కాక వీఎం గాలి స్క్రూ ఒక చుట్టు లోపలే బాగా నడిస్తే పైలట్ ఒక సైజు పెంచాలి. రెండున్నర చుట్లు దాటితే తగ్గించాలి.

స్లో సరిగ్గా ఉందో లేదో చూడటానికి అందుబాటులో ఉన్న మీటర్ పొల్యూషన్ సెంటర్‌లోదే. స్లిప్‌లో కార్బన్ మోనాక్సైడ్ శాతం చూడండి. 2000 మార్చి దాకా తయారైన బండ్లకి పరిమితి 4.5, ఆ తర్వాతి క్యాస్ట్ ఐరన్ బుల్లెట్లకి 3.5. 2 నుంచి 3 మధ్య ఉంటే పైలట్, స్క్రూ బాగున్నట్టు. ఇది స్లో గురించే చెబుతుంది, మెయిన్ జెట్ గురించి ఏమీ చెప్పదు.

విశాఖ గాలి, ఇప్పటి పెట్రోలు

సముద్రమట్టం దగ్గర ఉన్నాం కాబట్టి ఇక్కడ గాలి చిక్కగా ఉంటుంది, జెట్ సైజు ఎక్కువ వైపే కావాలి. ఎండాకాలానికీ చలికాలానికీ వచ్చే తేడా 3, 4 శాతమే, దానికి జెట్ మార్చక్కర్లేదు. అసలు తేడా పెట్రోలుది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. ఉత్త పెట్రోలు ఒక కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి బరువులో దాదాపు 9 శాతం ఎక్కువ ఇంధనం పోవాలి. పాత పుస్తకంలో ఉన్న మెయిన్ జెట్ నంబరు ఇప్పుడు లీన్ అవుతుంది, ఒక సైజు పెంచండి. సైలెన్సర్ కోసం పెంచిన సైజుకి ఇది అదనం.

ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్తే కథ తిరగబడుతుంది. వెయ్యి మీటర్ల ఎత్తులో గాలి సుమారు 10 శాతం పలచబడుతుంది, మిక్స్చర్ 5 శాతం దాకా రిచ్ అవుతుంది. 24, 26లో గాలి స్క్రూ పావు చుట్టు బయటికి తిప్పితే సరిపోతుంది, బీఎస్29కి చాలావరకు అదీ అక్కర్లేదు. ఆగుడు పోవాలని రిచ్ చేసిన 28 మాత్రం ఘాట్ మీద రెండో గేర్‌లో మిస్సింగ్ కొడుతుంది. అరకులో సర్దేసి అలాగే కిందికి దిగకండి, ఊళ్లోకి వచ్చేసరికి లీన్ అయి సైలెన్సర్‌లో ఫట్‌ఫట్‌మని కొడుతుంది, హెడ్ వేడెక్కుతుంది.

ఈ20 తేమని పీల్చుకుంటుంది, మన గాలిలో తేమకి కొదవ లేదు. బండి రెండు వారాలు ఆపితే ఫ్లోట్ గిన్నె అడుగున నీరు చేరి జింక్ బాడీకి తెల్లటి పొక్కులు పడతాయి, పైలట్ జెట్ మూసుకుపోతుంది. ఆపేముందు పెట్రోల్ కాక్ మూసి, గిన్నె కింది స్క్రూ విప్పి ఖాళీ చేయండి. పైలట్ జెట్‌ని సూదితో పొడవకండి, రంధ్రం పెద్దదై నంబరుకి అర్థం పోతుంది. కార్బురేటర్ క్లీనర్, గాలి చాలు. కొత్త కార్బురేటర్ కొనేటప్పుడు కూడా గిన్నె విప్పించి లోపల చూడండి: జెట్ల మీద నంబర్లు స్పష్టంగా చెక్కి ఉండాలి, స్లైడ్ తన బరువుకే జారి పడాలి, ఫ్లోట్ రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండాలి. ఈ మూడిట్లో ఏది తేడా వచ్చినా షాపులోనే తిరిగిచ్చేయండి.